దోషి యొక్కడు - దండితు లెందరు?

ఒక హత్య జరిగిన దినమున రెండు కుటుంబములు కూలును. హతుని కుటుంబము తత్క్షణమే కూలును. హంతకుని కుటుంబము అరెస్టు నాటినుండి తీర్పు వరకు, తీర్పు నాటినుండి ఏండ్ల తరబడి, కొంచెము కొంచెముగా కూలును. మొదటిదానిని లోకము చూచును; కంటతడి పెట్టును; చేతనైన సాయము చేయును. అది ధర్మము. రెండవదానిని చూచి లోకము మొగము త్రిప్పుకొనును. ఇదియు ధర్మమేనా? ఈ ప్రశ్నను పాఠక మహాశయుల యెదుట నుంచి, నాకు తోచినంత విచారింపదలచితిని.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా యేర్పడువరకు కర్నూలు జిల్లాలోనివి. నల్లమల చెంతనున్న యీ మెట్టభూములలో నీరు తక్కువ. దానికొరకు పట్టుదల యెక్కువ. పొలము గట్టు, బోరుబావి, అన్నదమ్ముల పంపకము, ఎన్నికల పంతము - ఇట్టి కారణములే మాటకు మాట పెరిగి ప్రాణముల మీదికి వచ్చుట పల్లెలలో పెద్దలెరిగినదే. అట్టి కలహములందు హతుడును హంతకుడును పరాయివారు కారు; ఒకే వీథివారు, ఒక్కొక్కప్పుడు ఒకే యింటిపేరువారు. ఒకడు శ్మశానమునకు, మరియొకడు కారాగారమునకు పోగా, ఇరువురి భార్యలు ఒకే కుళాయి యొద్ద బిందెలు పెట్టుకొని నిలువవలసియుండును.

పెద్ద కేసులలో ఈ దుఃఖ మెంత విస్తరించునో మన జిల్లాయే చూచినది. 2008లో జాతీయ రహదారిపై లారీల నాపి, డ్రైవర్లను క్లీనర్లను చంపి, సరకును దోచిన కేసులలో ఒంగోలు న్యాయస్థానము 2021 మే నెలలో పన్నెండుగురికి మరణశిక్ష విధించెను. కూటికొరకు దూరదేశములు తిరిగిన ఆ శ్రామికుల యిండ్లలో ఆరిన దీపములను ఎవరును మరువరాదు. నేరము ఘోరమైనది. అయినను ఆ దినమున తీర్పు విన్నవారిలో ఆ దోషుల తల్లులును, బిడ్డలును గలరు. ఆ బిడ్డలలో ఏ యొక్కడును లారీ నాపినవాడు కాడు.

ఇట్టి యింటిలో జరుగున దేమి? మొదట పొలము పోవును. వకీలు ఖర్చులకు, వాయిదాల ప్రయాణములకు, బెయిలు ప్రయత్నములకు ఎకరము వెంబడి ఎకరము తాకట్టున పడును. తీర్పు వచ్చునప్పటికి సంపాదించు చేయి పోయినది, దున్నుకొను నేలయు పోయినది. పిమ్మట ములాఖత్తు. ఖైదీ నెల్లూరిలోనో, కడపలోనో, రాజమహేంద్రవరములోనో కేంద్ర కారాగారమున నుండును. కూలికి పోయెడి స్త్రీ ఆ కొద్ది నిమిషముల దర్శనమునకై రెండు దినముల కూలిని, రానుపోను చార్జీలను కోలుపోవలెను. పోయిన “హంతకుని వెనకేసుకొని వచ్చుచున్న”దని యూరు అనును. పోకున్న “కట్టుకొన్నవానిని విడిచిన”దని అదే యూరు అనును.

ఆమె స్థితికి మన సమాజమున పేరైనను లేదు. ఆమె వితంతువు కాదు. కావున వితంతు పింఛను లేదు. సుమంగళియే గాని పేరంటమునకు పిలుచువారు లేరు. ఇంటిలో ఎదిగిన కూతురున్నచో సంబంధము మాటలాడుకొని పోయినవారు మరల రారు. ఇక కాలపరిమాణమును చూడుడు. మరణశిక్షకు తగిన నేరమునకు యావజ్జీవ శిక్ష పడినవాడు పదునాలుగేండ్లు నిండకుండ శిక్షతగ్గింపుపై విడుదల కారాదను నియమమును 1978లో చట్టమున చేర్చిరి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోను అది యున్నది. తండ్రి పోవునాటికి ఐదేండ్ల పిల్ల, అతడు తిరిగివచ్చునాటికి పందొమ్మిదేండ్ల యువతి. ఆమె బాల్యమంతయు ఆ శిక్షలోనే గడచినది.

పాఠశాలలో దీనిని ఉపాధ్యాయులమైన మేము దగ్గరనుండి చూచుచుందుము. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. పలకపై తప్పు వ్రాసినచో తడిగుడ్డతో తుడిచి మరల దిద్దింతుము. కాని “జైలువాని కొడుకు” అని తోటివారు పెట్టిన పేరు తుడుపుటకు మాయొద్ద గుడ్డ లేదు. ఆ పిల్లవాడు కొట్లాటలో చేయి యెత్తినచో “తండ్రి బుద్ధి యెక్కడికి పోవు”నందురు. చేయి యెత్తకున్న “లోలోపల ఉంచుకొన్నా”డందురు. వాని మంచితనమునకు సాక్ష్యము దొరకదు.

ఇప్పుడు మూలప్రశ్నకు వత్తము. పాపమున భాగముండునా? వాల్మీకి పూర్వవృత్తాంతముగా లోకమున ప్రచారములోనున్న కథ మనకెల్లరకు తెలిసినదే. దారులు కొట్టి కుటుంబమును పోషించినవాడు “నా పాపమున మీకును భాగము గలదా?” యని ఆలుబిడ్డల నడిగెను. లేదని వారు చెప్పిరి. ఆ జవాబును మనము సాధారణముగా సంసారుల స్వార్థమునకు దృష్టాంతముగా చెప్పుకొందుము. నెమ్మదిగా నాలోచించిన, వారు చెప్పినది సత్యము. పోషించుట వాని విధి. చంపుట వాని యిచ్ఛ. కర్మ చేసినవానిదే. ఆ సత్యమును విన్నందుననే వానికి మార్పు కలిగెను. “మాకును భాగమున్న”దని వారు పలికియున్నచో వాడు మరల అడవికే పోయియుండును. పాపము పంచుకొన వీలులేని వస్తువని పురాణము చెప్పుచుండగా, మనము దానిని ఇంటిల్లిపాదికి పంచిపెట్టుచున్నాము.

చట్టమును ఒకప్పుడు మనవలెనే పంచిపెట్టెడిది. ఇంగ్లండులో ఘోరనేరమునకు శిక్ష పడినవాని ఆస్తి ప్రభుత్వపరమయ్యెడిది, బిడ్డలు బికారులయ్యెడివారు. 1870లో ఆ దేశము ఆ పద్ధతిని మానుకొనెను. మన దేశమున 1860 నాటి శిక్షాస్మృతిలోను, మరణశిక్షార్హమైన నేరములందు దోషి సర్వస్వమును జప్తుచేయుటకు వీలిచ్చిన నిబంధన యుండెను; దానిని 1921లో తొలగించిరి. పుట్టుకనుబట్టి మనుష్యుని నేరస్థునిగా నెంచిన నేరజాతుల చట్టము 1871లో పుట్టెను. దాని ఫలితములే మన పొరుగుననున్న స్టూవర్టుపురము, కావలి సెటిల్‌మెంట్లు. స్వాతంత్ర్యానంతరము 1952లో ఆ చట్టము రద్దయ్యెను. తల్లిదండ్రుల పనులనుబట్టి ఏ బిడ్డను శిక్షింపరాదని 1989 నాటి అంతర్జాతీయ బాలల హక్కుల ఒడంబడిక చెప్పుచున్నది. భారతదేశము 1992లో దానిని అంగీకరించినది. చట్టము ఇంటిని విడిచి మనుష్యుని మాత్రమే పట్టుకొనుటకు ఇంతకాలము పట్టినది. మన యూరి రచ్చబండ మాత్రము 1870కి ముందే నిలిచిపోయినది.

న్యాయస్థానములు దోషిని శిక్షించుచునే వాని బిడ్డల వంక చూచిన సందర్భములు గలవు. ఎడిగ అనమ్మ కేసు మన రాష్ట్రమునుండి పోయినదే. ఇరువది నాలుగేండ్ల యువతి, మామ యింటినుండి కొట్టి తరుమగా బిడ్డతో పుట్టింట నున్నది. అసూయచే ఒక స్త్రీని, ఆమె పసిబిడ్డను చంపినది. క్రింది న్యాయస్థానములు మరణశిక్ష విధించినవి. 1974 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆమె దోషమును నిర్ధారించుచునే, శిక్షను యావజ్జీవ కారాగారమునకు తగ్గించినది. న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యరు చూపిన కారణములలో ఆమె వయస్సు, ఆమె పడిన పాట్లు, చిన్న కుమారునికి తల్లియగుట యున్నవి. చచ్చిన బిడ్డకై శిక్ష నిలిచినది. బ్రతికిన బిడ్డకై తల్లి ప్రాణము నిలిచినది. 

2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసున అదే న్యాయస్థానము, ఖైదీ తల్లితో ఆరేండ్లు నిండువరకు బిడ్డ యుండవచ్చుననియు, అన్నము, వైద్యము, చదువు ఆ బిడ్డకు హక్కనియు ఆదేశించెను. కారాగారమున బిడ్డ పుట్టినచో జననపు నమోదులో పుట్టినచోటు కారాగారమని వ్రాయరాదనియు చెప్పెను. ఎంత సూక్ష్మదృష్టి! న్యాయమూర్తులు కాగితమునుండి తీసివేసిన ఆ యొక్క మాటను మనము నోటితో మరల వ్రాయుచున్నాము.

దీనిపై కొన్ని ఆక్షేపణలు గలవు. మొదటిది: హతుని కుటుంబము ఏడ్చుచుండగా హంతకుని కుటుంబముపై జాలి యేల? ఇది బలమైన మాట. హతుని వారికే ప్రథమస్థానము. వారికి నష్టపరిహార మిప్పించు నియమమును 2008 నాటి సవరణచే చట్టమున చేర్చిరి. దానిని వారికి అందజేయుటకు ఊరిపెద్దలు పూనుకొనవలెను. హంతకుని బిడ్డను క్షమింపుమని హతుని తల్లిని అడుగుటకు మనకు అధికారము లేదు. ఆమె మొగము త్రిప్పుకొన్నచో అది ఆమె దుఃఖము. ఏమియు కోల్పోని మనము మొగము త్రిప్పుకొనుటకు కారణ మేమి? ఆ బిడ్డ ఆకలితో పడుకొన్నంత మాత్రమున హతుని యింట ఒక్క మెతుకును పెరుగదు.

రెండవది: కుటుంబమునకును కీడు కలుగునను భయమున్ననే మనుష్యుడు హత్యకు జంకునందురు. కోపమున గొడ్డలి యెత్తినవాడు కూతురి పెండ్లిని తలచుకొనడు. తలచుకొన్నచో గొడ్డలి దింపియుండును. ఒకవేళ ఆ భయము కొంత పనిచేసినను, ఒకనిని బెదరించుటకు మరియొకరిని హింసించుట న్యాయము కాదు. అట్లు పీడింపబడిన యింటి పిల్లవాడు పగను నేర్చుకొన్నచో, మనము తలచిన భయమే కొత్త హత్యకు బీజమగును.

మూడవది: ఇంటివారును ఉసికొల్పియుందురు, దాచియుందురు. నిజమే, కొందరట్లు చేయుదురు. అందుకు చట్టమున వేరు నేరములు, వేరు శిక్షలు గలవు. విచారించి రుజువుచేయవలెను. రుజువు కానిదానికి శిక్ష వేయుటకు రచ్చబండకు అధికారము లేదు. న్యాయస్థానపు శిక్షకు అప్పీలున్నది, అంత మున్నది. మనము వేయు వెలికి రెండును లేవు.

వీరశైవులమైన మనకు ఈ విషయ మిరుగుపొరుగువారికన్న లోతుగా తెలియవలెను. బిజ్జలుని వధించినవారు కొందరే యని మన పురాణములు చెప్పును. దండనము మాత్రము శరణులందరిపై పడెను. చన్నబసవన్నతో ఉళవి దారి పట్టినవారిలో ఆ వధ నెరుగని వృద్ధులు, స్త్రీలు, బిడ్డలు ఎందరుండిరో! సేనలు వారిని వెన్నంటినవని పరంపర చెప్పుచున్నది. కొందరు చేసినదానికి అందరిని తరుముట యెట్టిదో మన పూర్వులు అనుభవించిరి. ఆ స్మృతిగలవారు మరియొక కుటుంబమును తరుమువారితో చేరరాదు.

చేయదగిన పనులు పెద్దవి కావు. హంతకునికి పూలమాల వేయనక్కరలేదు, వాని నేరమును తగ్గించి చెప్పనక్కరలేదు. మఠములు తమ విద్యార్థి నిలయములలో ఇట్టి యింటి బిడ్డకు ఒక చాప, ఒక పళ్లెము ఇయ్యవచ్చును. కులమత భేదము లేక వేలాది బాలురకు అన్నము, విద్య యొసగుచున్న తుమకూరు సిద్ధగంగ మఠము మన కన్నుల యెదుటనే యున్నది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును, బాలలకును, నిర్బంధములో నున్నవారికిని ఉచిత న్యాయసహాయము లభించును. ఈ మాట తెలియకయే పలువురు పొలము లమ్ముకొందురు. చదువుకొన్నవారు ఒక దరఖాస్తు వ్రాసిపెట్టవచ్చును. ఉపాధ్యాయులు తరగతిలో ఆ పేరు వినబడనీయకుండ చూడవచ్చును. గృహిణులు కుళాయి యొద్ద ఇద్దరు స్త్రీలతోను ఒక్కొక్క మాట మాటలాడవచ్చును. సంబంధము వెదకువారు పిల్ల గుణమును చూచి, తండ్రి కేసును ప్రక్కనుంచవచ్చును.

ఈ చివరి మాటయే కష్టమైనదని యెరుగుదును. తక్కినవన్నియు దానముతో తీరును. అది మన గడపలోనికి వచ్చును. ఎదుటివాని గడపను గూర్చి ధర్మము పలుకుట సులభము. ఆ బిడ్డ నిరపరాధియని మనము నిజముగా నమ్మినచో, ఆ నమ్మకమునకు పరీక్ష మన గడపయొద్దనే జరుగవలెను.