విప్పి బిగించాక అది అదేనా?

1990లలో సమురాయ్ లాంటి పేర్లతో మన ఊళ్లకు వచ్చిన టీవీ గేమ్ పెట్టెల్లో అన్నిటికన్నా ముందు పాడయ్యేది రిమోట్. క్యాసెట్ మొరాయిస్తే తీసి ఊది పెట్టేవాళ్లు, మళ్లీ ఆడేది. రిమోట్ అలా కాదు. కాంట్రా ఆటలో శత్రువు మీదకొస్తుంటే బొత్తాన్ని ఎంత గట్టిగా నొక్కితే తూటా అంత బలంగా తగులుతుందని వేళ్లు నమ్ముతాయి. ఆ నమ్మకానికి లోపలి రబ్బరు అరిగిపోయేది, వైరు మెడ దగ్గర తెగేది. ఆనాటి పిల్లలు ఇప్పుడు నలభైకి అటూ ఇటూగా ఉన్నారు. వాళ్లలో కొందరు ఆ పాత రిమోట్లను అటక మీంచి దింపి విప్పుతున్నారు. కొత్త రబ్బర్లు వేస్తున్నారు, రంగు మారుస్తున్నారు, వైరు తీసేసి బ్లూటూత్ పెడుతున్నారు.

చేసేది చిన్న పనే. దాని వెంట వచ్చే ప్రశ్న మాత్రం చిన్నది కాదు. డొప్ప మారి, బొత్తాలు మారి, బోర్డు కూడా మారాక చేతిలో ఉన్నది ఆ రిమోటేనా?

ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఈ ప్రశ్నది పాత కాపురం. జగ్గయ్యపేటకు మునుపున్న పేరు బేతవోలు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు దానికి తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఊరి పక్క బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన శాసనంలో అయితే ఆ చోటు వెలగిరి. నందిగామ మీదుగా హైదరాబాద్ పోయే రోడ్డు చాలాకాలం తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65. 2022 ఏప్రిల్‌లో ఈ రెండు ఊళ్లూ కృష్ణా జిల్లా వదిలి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఇన్ని మారినా ఇంటికి పోయే దారి ఎవరూ తప్పలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ పెనుగంచిప్రోలులో ఉంది. మునేటి ఒడ్డున వెలసిన తిరుపతమ్మ తల్లి, గోపయ్య స్వామి, పరివార దేవతల విగ్రహాలు రెండేళ్లకోసారి రంగులు వేయించుకోవడానికి జగ్గయ్యపేట వస్తాయి. దాన్ని రంగుల ఉత్సవం అంటారు. పాత రంగు పోతుంది, కొత్త రంగు పడుతుంది, కన్నూ బొట్టూ కుంచె కొసన మళ్లీ తీరతాయి. తిరిగి పెనుగంచిప్రోలు చేరిన అమ్మవారిని చూసి ఈమె పాత తిరుపతమ్మేనా అని ఏ భక్తురాలూ అడగదు. ఆ ప్రశ్న ఆమెకు తట్టదు కూడా. అమ్మ ఎవరన్నది రంగు పొర మీద ఆధారపడిన విషయమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు మరి.

పెద్ద మరమ్మతులకు ఆగమాలు పద్ధతి ఏర్పరచాయి. తిరుమలలో 12 ఏళ్లకోసారి జరిగే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణం 2018 ఆగస్టులో జరిగింది. గర్భాలయంలో పని నడిచినన్నాళ్లూ స్వామి కళలను కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయమనే తాత్కాలిక గుడిలో కొలిచారు, పని పూర్తయ్యాక తిరిగి మూలమూర్తిలోకి ఆవాహన చేశారు. రాయి అరుగుతుంది, బంధనం సడలుతుంది, దాన్ని బాగుచేయక తప్పదు అని శాస్త్రమే ఒప్పుకుంది. పద్ధతి లేకుండా ముట్టుకోవడాన్నే అది అపచారమంది. ప్రాణప్రతిష్ఠ జరిగిన మూర్తినీ ఆటవస్తువునూ ఒక గాటన కట్టే ఉద్దేశం ఇక్కడ లేదు. మార్పునూ నిలకడనూ ఒకేసారి పట్టుకోగలిగిన ఆలోచన ఈ నేలకు అలవాటేనన్నది మాత్రం గమనించాలి.

ఇక రిమోట్ సంగతి. వెనక మరలు తీసి డొప్ప ఎత్తితే లోపల ఉన్నవి మూడే పొరలు. పైన ప్లాస్టిక్ బొత్తాలు. వాటి కింద మెత్తటి రబ్బరు, ఒక్కో బొత్తాం కింద బుడిపెగా ఉబ్బి, ఆ బుడిపె లోపల నల్లటి కార్బన్ బిళ్లతో. అడుగున బోర్డు. బొత్తాం నొక్కితే కార్బన్ బిళ్ల కిందికొచ్చి బోర్డు మీద విడిగా ఉన్న రెండు గీతలను కలుపుతుంది, వేలు తీస్తే రబ్బరే దాన్ని పైకి నెడుతుంది. ఏళ్ల తరబడి నొక్కగా అరిగేది ఆ బిళ్లే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గీతలు తుడిస్తే కొన్నాళ్లు నడుస్తుంది. అదీ అందుబాటులో లేనప్పుడు మెత్తటి పెన్సిల్‌తో బిళ్ల మీద రుద్ది గ్రాఫైట్ పట్టించడం ఒక నాటు చిట్కా.

నింటెండో 1983లో జపాన్‌లో ఫామికామ్ పేరుతో, ఆ తర్వాత అమెరికాలో ఎన్‌ఈఎస్ పేరుతో అమ్మిన యంత్రానికి రిమోట్ చెప్పే మాట చాలా పొదుపైనది. రిమోట్‌లో 4021 అనే ఎనిమిది బిట్ల చిప్ ఉంటుంది. యంత్రం ఒక తీగ మీద సైగ చేయగానే ఆ క్షణాన ఏయే బొత్తాలు నొక్కి ఉన్నాయో చిప్ పట్టి ఉంచుతుంది. రెండో తీగ మీద యంత్రం ఒక్కో తట్టు తడుతుంటే మూడో తీగ మీద జవాబులు వరసగా వస్తాయి. ముందు ఏ, తర్వాత బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. ఈ వరస ఎన్నడూ మారదు. ఆట నడుస్తున్నంతసేపూ, మామూలుగా సెకనుకు 50 నుంచి 60 సార్లు, ఈ ప్రశ్నోత్తరాలు సాగుతూనే ఉంటాయి. యంత్రానికి రిమోట్ గురించి తెలిసిందల్లా ఆ ఎనిమిది జవాబులే. డొప్ప ఎర్రదో నల్లదో, పట్టుకున్నది అన్నో తమ్ముడో దానికి అక్కర్లేదు.

పైగా మన ఊళ్లకు ఎక్కువగా వచ్చినవి ఆ యంత్రానికి నకళ్లు. చాలావాటి రిమోట్లలో విడి చిప్ ఉండదు. బోర్డు మీద నల్లటి బొట్టులా గడ్డకట్టిన జిగురు, దాని కింద సిలికాన్ ముక్క. డొప్ప వేరే కంపెనీ రిమోట్‌ను పోలి ఉండొచ్చు, లోపలి మాట మాత్రం ఫామికామ్‌దే. నొక్కి పట్టుకుంటే చాలు, గబగబా కాల్చే టర్బో బొత్తాలు రెండు అదనం. అంటే నందిగామ పిల్లవాడి చేతికి మొదటిరోజు వచ్చిందే ఎవరో మార్చి చేసిన వస్తువు. ఇప్పుడు దాన్ని విప్పుతూ అసలుది చెడగొడుతున్నానేమోనని అతను బెంగపడితే, ఆ అసలును ఎక్కడ వెతకాలి? క్యోటోలోని నింటెండో దగ్గరా, డొప్ప అచ్చుపోసిన పేరు తెలియని ఫ్యాక్టరీలోనా, వేసవి సెలవులంతా దాన్ని వదలని తన చేతుల్లోనా?

ఈ చిక్కును బౌద్ధులు రథం విప్పి చూపించారు. మిలిందపన్హ అనే పాళీ గ్రంథంలో నాగసేన భిక్షువు మిలిందరాజును నిలదీస్తాడు. రథమెక్కి వచ్చానన్నావు కదా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగ రథమా అని. ఏదీ కాదంటాడు రాజు. పోనీ అన్నీ కలిపితేనా? అదీ కాదు. ఇవి కాక వేరే ఎక్కడైనా ఉందా? లేదు. చివరికి రాజే ఒప్పుకుంటాడు, ఈ భాగాలను ఆసరా చేసుకుని రథమనే పేరు లోకవ్యవహారంలో నిలుస్తోందని. నాగసేనుడు రథం లేదని తేల్చలేదు. రాజు కాలినడకన వచ్చాడనీ అనలేదు. రథం ఎక్కడ దాగుందో భాగాల్లో వెతికితే దొరకదన్నాడు, అంతే.

న్యాయ వైశేషికులు దీనికి తల ఊపలేదు. అవయవాలకు వేరుగా అవయవి నిజంగానే ఉందన్నారు, దారాలు వేరు, వాటిలో నిలిచిన బట్ట వేరు. ఆ లెక్కన ఒక అవయవం తొలగినా పాత అవయవి నశించి కొత్తది పుట్టినట్టే. మన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంతోనే ఇప్పటికీ ఎందరో ఈ శాస్త్రంలో అడుగుపెడతారు. వాదం పటిష్ఠమైనది. కానీ దాన్ని చివరిదాకా తీసుకుపోతే రబ్బరు మార్చిన ప్రతిసారీ కొత్త రిమోట్ పుట్టాలి, రంగు వేసిన ప్రతిసారీ పాత విగ్రహం పోవాలి. మనుషులు వస్తువులతో బతికే తీరుకు ఇది అందదు. ఈ విషయంలో నాగసేనుడి పక్షమే సరైనది.

1989లో నింటెండో తెచ్చిన హ్యాండ్స్ ఫ్రీ కంట్రోలర్ ఆ పక్షానికి గట్టి సాక్ష్యం. చేతులు కదపలేనివారి కోసం చేసిందది. ఛాతీకి కట్టుకుంటారు. గడ్డంతో కర్ర కదిపితే దిక్కులు, గొట్టంలోకి ఊదడం, పీల్చడంతో ఏ, బీ బొత్తాల పని. మామూలు రిమోట్‌తో ఒక్క పోలికా లేదు. యంత్రం మాత్రం తేడా పసిగట్టలేదు, తన ఎనిమిది జవాబులు తనకు అందుతున్నాయి. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనక ఎవరి శరీరానికి నప్పే స్విచ్‌లు వాళ్లు తగిలించుకునేందుకు 19 చిన్న సాకెట్లు ఉన్నాయి. అక్కడ మార్చుకోవడమే వస్తువు ధర్మం. ఆ మనిషి ఆట ఆడగలుగుతున్నప్పుడు అసలు ఆకారం పోయిందని వాపోవడానికి ఏముంది? రిమోట్ అనేది ఒక శరీరానికీ ఒక యంత్రానికీ నడుమ కుదిరిన ఒప్పందం. ఒప్పందం నిలిచినంతకాలం రిమోట్ నిలిచినట్టే.

అలాగని ఏం చేసినా చెల్లుతుందా?

చెల్లదు. ఎందుకు చెల్లదో జగ్గయ్యపేట స్తూపమే చెబుతుంది. ధనంబోడు మీది ఆ స్తూపాన్ని 1880ల మొదట్లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు, అమరావతి స్తూపంతో కలిపి 1887లో పుస్తకం వేశాడు. అక్కడి చెక్కడాల్లో పాతవి క్రీస్తుకు పూర్వపువి. తూర్పు వాకిట నిలిపిన అయిదు ఆయక స్తంభాలు మాత్రం ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లకు, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో చేరాయి. అంటే క్రీ.శ. 3వ శతాబ్దం. వాటిని ఇచ్చింది రాజు కాదు, సెట్టి కాదు. సిద్ధార్థుడనే పనివాడు, నాగచంద్రుడనే పనివాడి కొడుకు. తల్లిని, భార్యను, పిల్లలను, తమ్ముణ్ని కలుపుకుని, వెలగిరిలోని బుద్ధ భగవానుడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపానని, సకల ప్రాణుల హితసుఖాల కోసమని స్తంభం మీదే చెక్కించాడు. ఆ తర్వాత 6వ శతాబ్దం ప్రాంతపు లిపిలో ఒక బుద్ధ ప్రతిమ కింద మరో మాట చేరింది. నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు ఆ ప్రతిమ చేయించాడని.

ఒక కట్టడం, ఎన్నో తరాల చేతులు. సిద్ధార్థుడు చెప్పిన దాంట్లో కొలత చూడాలి. స్తూపం తనదనలేదు. పాతదాన్ని బాగుచేసి కొత్తది చేశానని కూడా అనలేదు. ఏ ఊళ్లో, ఏ దిక్కున, ఎన్ని స్తంభాలో లెక్క చెప్పాడు. తర్వాత వచ్చినవాడు ఏది ముందునుంచీ ఉన్నదో, ఏది సిద్ధార్థుడు చేర్చిందో వేరు చేసి చూడగలడు. మార్పు చేసేవాడికి ఇంతకంటే మంచి గురువు దొరకడు. రిమోట్ విప్పినవాడు బిగించేముందు డొప్ప లోపలి వైపు ఫలానా తేదీన రబ్బరు మార్చాను, ఫలానా చిప్ వేశాను అని సన్నటి పెన్నుతో రాస్తే ఆ పనివాడి బాటలో నడిచినట్టే.

దీనికి వ్యతిరేకమైన పని కూడా జరుగుతోంది. కొత్తగా అచ్చుపోసిన డొప్పలో ఏదో బోర్డు బిగించి, పాతకాలపు అసలు సరుకంటూ అమ్మేయడం. అన్నీ మారేవే కదా, అసలూ నకలూ భేదమేమిటని అలాంటివాడు బౌద్ధం మాట్లాడితే, జవాబు మిలిందపన్హలోనే ఉంది. ఒకడు మామిడిపళ్లు దొంగిలించి, తోటవాడు నాటిన మామిడి వేరు, నేను కోసిన మామిడి వేరు, నాకు శిక్షేమిటంటాడు. నాగసేనుడి ప్రకారం వాడు శిక్షార్హుడే, ఈ పండు ఆ టెంక వల్ల కలిగిందే గనుక. వస్తువులో మారని సారం లేకపోవచ్చు. ఒకదాని నుంచి ఒకటి పుట్టిన వరస ఉంది, బాధ్యత ఆ వరస వెంట వస్తుంది. అమ్మేవాడు దాచింది ఆ వరసనే.

పసుపెక్కిన ప్లాస్టిక్ విషయంలో మనసు అంత తేలిగ్గా తేలదు. పాత ఏబీఎస్ ప్లాస్టిక్ వెలుతురుకూ వేడికీ పసుపెక్కుతుంది, మంటలు అంటుకోకుండా కలిపిన బ్రోమిన్ రసాయనాలకు ఇందులో పాత్ర ఉందంటారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరిచే రెట్రోబ్రైట్ పద్ధతి 2008 ప్రాంతంలో వ్యాపించింది. తెల్లబడ్డది మళ్లీ పసుపెక్కడమూ ఉంది. ఆ పసుపు మురికి అయితే తుడవాలి, వయసు అయితే ఉంచాలి. ఏదో తేల్చుకోవాల్సింది దాని సొంతదారే.

అన్నిటికన్నా కఠినమైన చిక్కు బ్లూటూత్ దగ్గర వస్తుంది. ఎయిట్‌బిట్‌డూ కంపెనీ అమ్మే మాడ్ కిట్‌తో ఎన్‌ఈఎస్ రిమోట్‌లోని పాత బోర్డు తీసేసి, సోల్డరింగ్ పనే లేకుండా, అదే కొలతల కొత్త బోర్డు పెట్టుకోవచ్చు. డొప్ప పాతదే, బొత్తాలు పాతవే, మాట మాత్రం కొత్తది. తీసిన పాత బోర్డును ఒక కొత్త డొప్పలో బిగిస్తే అదీ యంత్రానికి చక్కగా జవాబు చెబుతుంది. ఇప్పుడు రెండున్నాయి, రెండూ నేనే అదంటాయి. థీసియస్ ఓడ పలకలు మార్చుకుంటూ పోయి, తీసేసిన పాత పలకలతో ఇంకో ఓడ కడితే ఏది అసలుదని తత్వవేత్త హాబ్స్ 1655లో అడిగిన ప్రశ్నే ఇది. జగ్గయ్యపేటకు కూడా ఇది అనుభవమే. స్తూపం దిబ్బ ఇక్కడే ఉంది, చెక్కిన ఫలకాలు కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి చేరాయి. అక్కడున్నా వాటిని జగ్గయ్యపేట శిల్పాలనే పిలుస్తారు, ఇక్కడి దిబ్బనూ జగ్గయ్యపేట స్తూపమనే పిలుస్తారు. రెండు పిలుపులూ సబబే, ఏది ఎక్కడినుంచి వచ్చిందో రాసి ఉంది గనుక.

రిమోట్ రెండుగా చీలినప్పుడు కూడా అంతే. పాత డొప్పలో చేతి గుర్తు ఉంది, పాత బోర్డులో యంత్రంతో కుదిరిన మాట ఉంది, రెంటికీ హక్కుంది. పని తెలిసినవాళ్లు అందుకే తీసిన బోర్డును వైరుతో సహా ఒక కవరులో పెట్టి, ఏ రిమోట్‌దో పైన రాసి దాచుతారు. బ్యాటరీకి చోటు చాలక లోపలి ప్లాస్టిక్ దిమ్మెలు కోయాల్సి వస్తే బాగున్న డొప్ప జోలికి పోకుండా, మూల పగిలి పక్కన పడేసిన డొప్ప కోసం వెతుకుతారు.