పీకెయ్యి బిడ్డా

బడి వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని వెనక టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు. నల్లగొండ జిల్లాలో ఒక ఊళ్లో ఉచిత దంత వైద్య శిబిరం అది. కుర్చీలో కూర్చున్నామె పత్తి ఏరే కూలీ. నలభై అయిదేళ్లుంటాయి. నోరు తెరవకముందే చెప్పేసింది: "పీకెయ్యి బిడ్డా." డాక్టరమ్మ చూసింది. దవడ పన్ను పుచ్చింది గానీ వేరు గట్టిగానే ఉంది. "రూట్ కెనాల్ చేస్తే నిలుస్తుందమ్మా, పట్నానికి మూడుసార్లు రావాలి" అంది. "రానుపోను కిరాయి, పోయిన కూలి ఎవలిస్తరు బిడ్డా? పీకెయ్యి." పీకేశారు. ఆమె దూది కరిచిపట్టుకుని, చేతులు జోడించి వెళ్లిపోయింది.

ఆ పన్ను ఆమె ఇష్టప్రకారమే పోయిందా? అడిగింది ఆమే, కాదనను. అయినా ఆ మాట నాకు ఇష్టంలా వినిపించలేదు. చేతిలో డబ్బుంటే పుచ్చిన పన్నుకు ఫిల్లింగు ఉంది, రూట్ కెనాల్ ఉంది, పైన క్యాప్ ఉంది. లేకపోతే పట్టుకారు ఒక్కటే ఉంది. ఒకే దారి ఉన్నచోట ఎంచుకున్నారని ఎలా అంటాం? ఉచితంగా పన్ను పీకడాన్ని సేవ అంటున్నాం, సరే. ఆ పన్నును ఉచితంగా నిలబెట్టడం మాత్రం మన ఊహలోకే ఎందుకు రాదు?

పన్నును ఒంట్లోంచి ఎప్పుడో వేరు చేసి చూడటం మొదలుపెట్టాం. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టిన తొలి దంత వైద్య కళాశాల, మామూలు వైద్య కళాశాలకు బయటే పుట్టింది. 1948లో బ్రిటన్ అందరికీ ఉచిత వైద్యం అన్నప్పుడు అందులో పళ్లూ ఉన్నాయి. మూడేళ్లు తిరక్కుండానే, 1951లో, కట్టుడు పళ్లకూ కళ్లద్దాలకూ డబ్బు కట్టమన్నారు. ఆ వ్యవస్థను నిలబెట్టిన అన్యూరిన్ బెవాన్ అది సహించలేక మంత్రి పదవికి రాజీనామా ఇచ్చాడు. ఖజానా తడబడినప్పుడు చూపు మొదట పళ్ల మీదికే ఎందుకు వెళ్లింది? పన్ను లేకపోతే ప్రాణం పోదు కదా అన్న లెక్క కావచ్చు. జొన్నరొట్టె నమల్లేక నీళ్లలో నానబెట్టుకుని మింగుతూ, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటూ బతికే మనిషికి ప్రాణం ఉంది కాబట్టి ఏమీ పోలేదనగలమా? దంతాల జబ్బులతో, నోటి జబ్బులతో ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అన్ని నోళ్ల నొప్పి ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉండగలిగింది?

ఆ శిబిరం వరసలోనే ముప్పై దాటిన ఒకాయన అడిగిన మాట ఇంకా వెంటాడుతోంది. "ఈ గార ఎంత తోమినా పోతలేదు, ఏం పొడి వాడాలె?" అది గార కాదు. తోమితే పోయేదీ కాదు. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను రూపుకట్టే వయసులో తాగిన బోరుబావి నీళ్లలో ఫ్లోరైడ్ మితిమీరి, పంటి పైపొరలోనే మచ్చ పడిపోయింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు ఈ జబ్బును గుర్తించి రాశారు. అదే ఫ్లోరైడ్ టూత్‌పేస్టులో కొద్దిగా ఉంటే పన్ను పుచ్చకుండా కాస్తుంది కూడా. ఇప్పుడు నది నీళ్లు కుళాయిలో వచ్చినా ఆ తరం పళ్లు మారవు. ఆయనేమో ఇటుక పొడి, ఉప్పు, బొగ్గు అన్నీ వేసి తోమి చిగుళ్లు ఒరుసుకున్నాడు. ఇన్నేళ్లూ తన మురికితనమే అనుకున్నాడు.

"రోజూ రెండుసార్లు తోముకోండి" అని ఆయనకు చెప్పి రావడాన్ని విద్య అనాలా? అవసరమైన మాటే అది, పిల్లలకు తప్పకుండా చెప్పాలి. కానీ నీళ్ల సంగతి చెప్పకుండా బ్రష్ సంగతే చెబితే, బోరుబావి చేసిన పనికి మనిషిని దోషిని చేసినట్టు కాదా?

నోటి ఆరోగ్యం గురించి చెప్పడం అంటే ఏమిటో నాకు శ్రీకాకుళం వైపు కనిపిస్తుంది. అక్కడ పల్లె ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు పాతది. చుట్ట నిప్పు కొస నోటి లోపలికి పెట్టి పీలుస్తారు. ఆ వేడికి అంగిలి కమిలి, కొందరికి పుండై, క్యాన్సరై కూర్చుంటుంది. 1970ల చివర పరిశోధకులు ఆ ఊళ్లకు వెళ్లారు. ఒక్కరోజు టెంటు వేసి ఉపన్యాసమిచ్చి రాలేదు. ఏటేటా అవే గడపలకు వెళ్లి, అవే నోళ్లు తెరిపించి చూసి, కూర్చుని మాట్లాడారు. కొందరు మానేశారు. మానేసినవాళ్ల అంగిలి మీద మచ్చలు తగ్గాయి. నాకు ఇందులో పెద్ద విషయం మళ్లీ వెళ్లడమే. నీ నోరు పోయినేడు ఎలా ఉందో నాకు గుర్తుంది అని ఒకరు వచ్చి చెప్పడం ఆ ఆడవాళ్ల జీవితంలో అంతకుముందు ఎన్నిసార్లు జరిగి ఉంటుంది?

ఆ కూలీ మనిషికి దగ్గర్లోని పీహెచ్‌సీలో ఒక దంత వైద్య కుర్చీ, వారానికి రెండు రోజులైనా ఒక డాక్టరు ఉంటే సాయంత్రం పని దిగి వచ్చేది. పన్ను ఉండేది. ఆశా కార్యకర్తకు పిల్లల పెదవి పైకెత్తి చూడటం నేర్పితే, వాళ్ల పళ్లలో పుచ్చు చుక్కంతప్పుడే కనపడుతుంది.

నాకూ కుడి దవడ పన్ను అలాగే పుచ్చింది. మూడుసార్లు వెళ్లాను, క్యాప్ వేశారు. ఆ మూడు రోజులూ నా జీతం ఎవరూ కోయలేదు. ఇప్పుడు ఆ వైపే నములుతున్నాను.