పుష్కరుడి బోనస్

గుర్రప్పందేల గురించి నాకు తెలిసిందల్లా లెక్కలే. గుర్రం ఎక్కలేదు, పందెం కాయలేదు. కౌలాలంపూర్‌లో చాలా ఏళ్ళుగా బాంకులకీ ఇన్సూరెన్సు కంపెనీలకీ సాఫ్ట్‌వేర్ సలహాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. అలాంటి నా దగ్గరికి ఒకసారి ఒక మధ్యవర్తి ద్వారా ఒక పని వచ్చింది. వేరే దేశంలో లైసెన్సున్న ఒక పందేల కంపెనీకి ప్రమోషన్లు నడిపే ప్రోగ్రాం రాయాలి. తీరా ఆ పని నాకంటే చవగ్గా చేసేవాళ్ళెవరికో వెళ్ళింది. అంచేత ‘ధర్మం కోసం వదులుకున్నాను’ అని చెప్పుకునే భాగ్యం కూడా నాకు దక్కలేదు. కానీ వాళ్ళు పంపిన కాయితాలు చదివాను.

అందులో రెండు నియమాలు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది: వరసగా ఓడిపోయి, వారం రోజులుగా ఇటు తొంగిచూడని ఖాతాదారుకి ‘ఫ్రీ బెట్’ పంపాలి. రెండోది: ఒక మనిషి కాసిన గుర్రాల ధరలు రేసు మొదలయ్యేసరికి తరచుగా పడిపోతున్నాయంటే, అతనికి గుర్రాల సంగతి బాగా తెలుసన్నమాట. అతని బోనస్‌లు ఆపెయ్యాలి, పందెం పరిమితి తగ్గించెయ్యాలి.

ప్రోగ్రామరుగా చూస్తే రెండూ ముచ్చటైన నియమాలు. ఎక్కడా అస్పష్టత లేదు. అబద్ధం కూడా లేదు, ఎందుకంటే ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకునే షరతుల్లో ‘మా ఇష్టప్రకారం పరిమితులు విధించవచ్చు’ అన్న వాక్యం ఉంటుంది. మరి తప్పెక్కడుంది? అసలు తప్పంటూ ఉందా?

ఈ ప్రశ్న నేను ఒక పెద్దాయన దగ్గర ఎత్తాను. పెరాక్ రాష్ట్రంలో రబ్బరు తోటల మధ్య పుట్టి పెరిగిన తెలుగాయన. తాతలు శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చారు. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆయన మావయ్యే. వయసులో ఉన్నప్పుడు ఇపోలో రేసులకి వెళ్ళేవారు. ఇప్పుడు రేసుకోర్సు ఆయన జేబులోకే వచ్చింది. రోజూ పొద్దున్నే ఫోన్లో మెసేజీలు: ‘ఫ్రీ క్రెడిట్’ ముప్ఫై రింగిట్లు, యాభై రింగిట్లు. పదవీ విరమణ డబ్బులో చెప్పుకోదగ్గ ముక్క అలా కరిగిపోయిందని అత్తయ్యగారు చెబితేనే మాకు తెలిసింది.

“నన్నెవుడూ మోసం సెయ్యనేదు బాబూ,” అన్నారు మావయ్య. “ఆడు షరతులు సెప్పేడు. నాను సదివేను. ఓడిపోయేను. ఇందులో ఆడి తప్పేటుంది?”

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. తెలిసి ఒప్పుకున్నవాడికి అన్యాయం జరిగిందనడం అతన్ని చిన్నపిల్లాణ్ణి చెయ్యడమే. డెబ్భై ఏళ్ళ మనిషికి ‘మీ డబ్బు ఎలా ఖర్చుపెట్టుకోవాలో మేం చెబుతాం’ అంటే ఆయనకి కోపం రావడం న్యాయమే.

అయితే పందేలన్నీ ఒక జాతివి కావు. మలేషియాలో చట్టబద్ధంగా గుర్రప్పందెం కాయాలంటే టోట్ ఒకటే దారి. 1953 నాటి బెట్టింగ్ చట్టం బుకీలని నేరస్థుల్ని చేసింది. 1961లో టోటలైజేటర్ బోర్డు కోసం వేరే చట్టం వచ్చింది. టోట్‌లో అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. నిర్వాహకుడు తన వాటా తీసేసుకుని, మిగిలింది గెలిచినవాళ్ళకి పంచుతాడు. పారిస్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిన పద్ధతి ఇది. దీన్ని యంత్రంగా మార్చిన జార్జ్ జూలియస్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు మొదట ఓట్లు లెక్కపెట్టడానికి ఆ యంత్రాన్ని తయారుచేశాడు. ప్రభుత్వం వద్దంది. ఆయన దాన్ని గుర్రాలకి మళ్ళించాడు, 1913లో ఆక్లాండ్ రేసుకోర్సులో అది మొదలైంది. (మా వృత్తివాళ్ళకి ఈ కథ కొత్తేం కాదు. ఒకరు వద్దన్న ప్రోగ్రామ్‌ని ఇంకొకరికి అమ్ముకోవడమే మా జీవనం.)

టోట్ పుణ్యక్షేత్రమేమీ కాదు. సగటు మనిషి అక్కడా ఓడిపోతాడు. కానీ ఎవరు గెలిచినా నిర్వాహకుడి వాటా అంతే. తెలివైనవాణ్ణి తరిమెయ్యడానికీ, తెలివితక్కువవాణ్ణి బుజ్జగించడానికీ అతనికి కారణం లేదు. బుకీ సంగతి వేరు. అతను మీకు ఎదురుగా కూర్చుని ఆడుతున్నాడు. మీరు గెలిస్తే అతని జేబు చిరుగుతుంది. అలాంటి మనిషి మీకు కానుక పంపిస్తే, అది ఏ రకం కానుక?

మనకి నలుడి కథ తెలుసు. కలి ప్రేరణతో పుష్కరుడు నలుణ్ణి జూదానికి పిలిచాడు, పాచికల్లో ద్వాపరుడు దూరాడు. నలుడు రాజ్యం పోగొట్టుకున్నాడు. తర్వాత బాహుకుడి పేరుతో ఋతుపర్ణుడికి రథం తోలుతూ, తనకి తెలిసిన అశ్వహృదయాన్ని ఇచ్చి ఆయన దగ్గరున్న అక్షహృదయాన్ని పుచ్చుకున్నాడు. గుర్రాల విద్యకి పాచికల విద్య మార్పిడి! మన పురాణాల్లో గుర్రానికీ జూదానికీ ఇంత దగ్గర చుట్టరికం ఇంకెక్కడా నాకు కనబడలేదు. ఆ విద్యతో తిరిగొచ్చి ‘మళ్ళీ ఆడదాం’ అన్నాడు. పుష్కరుడు సంతోషంగా ఒప్పుకున్నాడు, ఓడిపోయాడు.

ఆ ఒప్పుకోవడం దగ్గరే నేను ఆగిపోతాను. పుష్కరుడికి అత్యాశ ఉంది, దమయంతి మీద కన్ను కూడా ఉంది. అయినా తలుపు తెరిచి ఉంచాడు. నేను చదివిన కాయితాల ప్రకారం నడిచే పుష్కరుడైతే, నలుడు ఓడిపోతున్నన్నాళ్ళూ వారానికో ఫ్రీ బెట్ పంపేవాడు. అక్షహృదయం నేర్చుకుని వచ్చిన రోజున ఖాతా మూసేసేవాడు.

మన సుప్రీంకోర్టు 1996లో, మద్రాసు రేస్ క్లబ్బు వివాదంలో, గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డదని తీర్పు చెప్పింది. గుర్రం వంశం, జాకీ, బరువు, నేల తడి ఇవన్నీ చదివి అంచనా వెయ్యొచ్చు కనుక అది వట్టి అదృష్టం కాదని. మలక్‌పేట మెట్ల మీద నిలబడి రేసు పుస్తకం నమిలేసిన వాళ్ళెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు. సరే, నైపుణ్యమే అనుకుందాం. నైపుణ్యం ఉన్నవాణ్ణి ఏరి బయటికి పంపి, లేనివాణ్ణి ఏరి లోపలికి పిలిచే ఆటని ఏమనాలి? మావయ్య షరతులన్నీ చదివారు, నిజమే. తనకి ఆ మెసేజీ ఎందుకు వచ్చిందన్నది మాత్రం షరతుల్లో ఉండదు. ‘మీరు బాగా ఓడిపోతారని మా లెక్కలో తేలింది, అందుకే ఈ ముప్ఫై రింగిట్లు’ అని రాసి పంపితే అప్పుడు ఆయన ఒప్పుకోలు పూర్తి ఒప్పుకోలు.

బ్రిటన్‌లో జూదాల కమిషన్ ఈ దిశగా ఒక అడుగు వేసింది. 2026 జనవరి 19 నుంచి, బోనస్ సొమ్ము చేతికి రావడానికి దానికి పదిరెట్లకి మించి పందెం కాయమనే షరతు పెట్టకూడదు. గుర్రప్పందెం కాస్తే కాసినో స్పిన్నులు ఉచితం లాంటి కలగలుపు ఎరలు కూడా నిషిద్ధం. లెక్క వేసి చూడండి. వంద రింగిట్ల బోనస్, ముప్ఫయ్యైదు రెట్ల షరతు, కంపెనీ వాటా నూటికి పది అనుకుందాం. మొత్తం 3,500 కాయాలి. పూర్తిగా కాసినవాడి చేతిలోంచి సగటున 350 జారిపోతుంది. అదే పదిరెట్లయితే వెయ్యి కాయాలి, వంద పోతుంది. అంటే ఇచ్చిన వందా సరిగ్గా వెనక్కి వెళుతుంది. ఇంత చేసినా ఉచితం అన్నమాట అక్కడితో ఆగిందే తప్ప నిజం కాలేదు. ఎవరికి పంపుతున్నారు, ఎందుకు పంపుతున్నారు అన్నదాన్ని ఈ పదిరెట్ల హద్దు ముట్టుకోదు.

మలేషియా పరిస్థితి ఇంకో రకం తమాషా. బుకీని నిషేధించి టోట్‌ని నిలబెట్టిన చోట టోట్ కింద ఉన్న నేలే కదిలిపోతోంది. కౌలాలంపూర్‌లో జంట శిఖరాలున్న స్థలం ఒకప్పటి సెలాంగోర్ టర్ఫ్ క్లబ్బు మైదానం. 1864లో పుట్టిన పెనాంగ్ క్లబ్బులో 2025 మే 31న ఆఖరి రేసు జరిగింది. పొరుగున సింగపూర్‌లో 2024 అక్టోబరు 5తోనే అయిపోయింది. ఆటగాడికి ఎదురు కూర్చోని టోట్ మూతపడుతోంది. చట్టం వద్దన్న బుకీ పొద్దున్నే మెసేజీ పంపుతున్నాడు. 2010లో ప్రభుత్వం క్రీడా పందేలకి ఒక కంపెనీకి లైసెన్సు ఇవ్వబోయి, ప్రజలు గోల చేశాక వెనక్కి తగ్గింది. లైసెన్సు ఇస్తే నిబంధనలైనా పెట్టొచ్చుగా అనే వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందులో బలం ఉందనే నా అభిప్రాయం. లైసెన్సు లేనివాడికి పదిరెట్ల హద్దు ఎవరు పెడతారు?

స్వేచ్ఛ సంగతికి వస్తే, మావయ్య మాట మావయ్యకే అప్పజెప్పాను. తోటల్లో కల్లు దుకాణాలుండేవి కదా, ఎవరూ బలవంతంగా తాగించలేదు కదా అన్నాను. 1941లో క్లాంగ్ తోటల్లో భారతీయ కూలీలు సమ్మె చేసినప్పుడు వాళ్ళ కోరికల్లో కల్లు దుకాణాలు మూసెయ్యాలన్నది ఒకటి. కల్లు అంటే ఏమిటో తెలియక కాదు. కూలి ఎప్పుడొస్తుందో, మనిషి ఎప్పుడు అలిసిపోయి ఉంటాడో తెలిసిన చోటే దుకాణం పెట్టారని.

“మా నాన్న కూలి సగం అక్కడికే పోయీది,” అన్నారాయన. ఇంకేమీ అనలేదు.

న్యూ సౌత్ వేల్స్‌లో 2014 నుంచి ఒక నియమం ఉంది. అక్కడి గుర్రప్పందేల్లో బుకీ ఒక కనీస మొత్తం దాకా పందెం ఒప్పుకుని తీరాలి, ఎదుటివాడు తెలివైనవాడని తోసెయ్యకూడదు. నాకు అది నచ్చింది. దాని పక్కన ఇంకొక్క వాక్యం చేర్చమంటాను: ఓడినవాడికి పంపే ప్రతి బోనస్, అదే రోజున, అదే మొత్తంలో, గెలుస్తున్నవాడికీ పంపాలి. ప్రోగ్రాంలో రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ తర్వాత ఎన్ని కంపెనీలు ఫ్రీ బెట్లు పంచుతాయో చూడాలని ఉంది.