విషాదమును వినువాడు

ఢిల్లీ నగరమందలి కరోల్ బాగ్ ప్రాంతమున ఉద్యోగార్థమై వచ్చిన తెలుగువారును, సివిల్ సర్వీసు పరీక్షలకై వచ్చిన యువకులును పెక్కురు గలరు. పగలు కార్యభారము, రాత్రి నిద్రలేమి. ఇంటినుండి ఫోను వచ్చినపుడు మాత్రము “బాగానే ఉన్నానమ్మా” అందురు. బాధను చెప్పుకొనుట పిఱికితనమని యెంచి లోలోన కుములుదురు.

అర్జునుడు పిఱికివాడా? విలువిద్యయే అతని వృత్తి. ఆ వృత్తిరంగముననే గాండీవము చేజాఱెను. నోరెండుట, మేను వణకుట మొదలుగా సర్వమును అతడు మిత్రునికి నివేదించెను. గీత ప్రథమాధ్యాయమున శ్రీకృష్ణుడు పలికినది ఒక్క వాక్యమే; తక్కినంతసేపు ఆలకించెను. ఉపదేశము పిదప వచ్చినది. ఆ విషాదమునకు సైతము పెద్దలు యోగమని పేరిడిరి. కావున యోగ్యునియెదుట హృదయము విప్పుట సాధనకు తొలిమెట్టు.

జపధ్యానములు మనస్సును నిలుపును. కాని నిద్రాహారములు వారములతరబడి తప్పినను, బ్రతుకవలెనను కోరికయే సన్నగిల్లినను వైద్యుని ఆశ్రయింపవలయును. అది భక్తికి కొఱత గాదు. 2022లో భారత ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు తెలుగులోను మాటాడవచ్చును.

శ్రీకృష్ణుడు అర్జునునికి యుద్ధమును తప్పింపలేదు. నిలిచి చేయగల బలము నొసగెను. ప్రక్కగదిలోని యువకుడు “బాగానే ఉన్నాను” అని ముఖము త్రిప్పుకొనిననాడు, ఉపదేశము మాని ఒక గడియ అతనిచెంత కూర్చుండి వినువాడు సారథ్యమే చేయుచున్నాడు.