అడ్డులేని ఖాతా

పలువురు ఒకే యంత్రాన్ని పంచుకునే చోట, ఎవరు దేనిని ముట్టవచ్చునన్న ప్రశ్న యంత్రంతోపాటే పుడుతుంది. 1961లో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ప్రదర్శించిన సీటీఎస్ఎస్ వ్యవస్థ ఒకే కంప్యూటరు సమయాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి అనేకమందికి పంచిపెట్టింది. ఒకరి ఫైళ్ళు మరొకరి చేతికి చిక్కకుండా ప్రతి ఒక్కరికీ పాస్‌వర్డు ఇవ్వవలసి వచ్చిందీ అక్కడే. మరుసటి ఏడాది అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, వారానికి తనకు కేటాయించిన నాలుగు గంటలు చాలక, పాస్‌వర్డుల ఫైలును అచ్చువేయమని పంచ్ కార్డు మీద కోరితే, యంత్రం ఆ జాబితాను అచ్చువేసి ఇచ్చింది. యంత్రం దృష్టిలో ఇందులో దొంగతనమేమీ లేదు. ఒకరు అడిగారు, అడ్డు లేదు గనుక పని జరిగింది. చేయగలగడం వేరు, చేయడానికి అధికారం ఉండడం వేరు అన్న వివేచన యంత్రానికి ఎక్కడి నుంచి రావాలి?

ఈ భేదాన్ని పూర్వమీమాంస ఏనాడో లోతుగా పట్టించుకుంది. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం, ఏ కర్మ చేయడానికి ఎవరు అర్హులన్న చర్చకే కేటాయించినది. ఆ అర్హతకే అక్కడ అధికారమని పేరు. ఫలం కావాలన్న కోరిక అయిన అర్థిత్వం, పని నిర్వహించగల సామర్థ్యం, కర్మను గురించిన తెలివిడి అయిన విద్వత్త, శాస్త్రం నిషేధించకపోవడం, ఇవన్నీ కలిస్తేనే అధికారం సిద్ధిస్తుందని ఆ సంప్రదాయం చెబుతుంది. సామర్థ్యం అందులో ఒక అంగం మాత్రమే. ఇదే విచారణలో శూద్రులకు వైదిక కర్మలలో అధికారం లేదని తేల్చిన సంగతిని దాచి ఈ శాస్త్రాన్ని మెచ్చుకోవడం నిజాయితీ కాదు. బాదరి అనే ఆచార్యుడు అందుకు భిన్నమైన పక్షం వహించినా జైమిని దానిని తోసిపుచ్చాడు. అధికారాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదన్న చిక్కు అక్కడిది, కంప్యూటరు గదిలోనూ అది తప్పలేదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలై తరువాతి దశాబ్దంలో స్థిరపడిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ నిర్ణయాన్ని తొమ్మిది గుర్తులకు కుదించింది. ప్రతి ఫైలుకూ ఒక సొంతదారు, ఒక గుంపు, ఆపైన మిగతా లోకం. ఒక్కొక్కరికీ చదవడం, రాయడం, ప్రోగ్రాముగా నడపడం అనే మూడేసి అనుమతులు. ఈ అనుమతులను అంకెల్లో రాసినప్పుడు 640 అన్న సంఖ్య కనిపిస్తే సొంతదారు చదవవచ్చు, మార్చవచ్చునని, గుంపులోనివారు చదవడంతో సరిపెట్టుకోవాలని, ఇతరులకు ఏదీ లేదని అర్థం. ఇందులో ఒక విచిత్రం ఉంది: సొంతదారు తన ఫైలును తానే చదవకుండా అనుమతి తీసివేసుకోవచ్చు, అప్పుడు అతడు తెరవబోతే వ్యవస్థ కాదంటుంది, అయినా అతడి సొంతదారుతనానికి లోటు రాదు, ఎందుకంటే ఆ అనుమతిని తిరిగి ఇచ్చుకోగలవాడూ అతడే. స్వామ్యం ఇక్కడ అనుభవంలో లేదు, అనుభవాన్ని పంచిపెట్టగలగడంలో ఉంది. స్వత్వమంటే ఇష్టానుసారం వినియోగించుకునే యోగ్యత అన్న నైయాయికుల నిర్వచనానికి ఇది దగ్గరగా వచ్చి, కొద్దిలో పక్కకు తప్పుకుంటుంది.

ఈ గుర్తులు ఆపలేని ఖాతా ఒకటుంది. వాడుకరి సంఖ్య సున్నాగా గల రూట్, అంటే నిర్వాహకుడి ఖాతా, ఫైలు చదవబోయినా మార్చబోయినా వ్యవస్థ ఆ అనుమతులను పట్టించుకోదు. వేదాంతంలోని సాక్షితో నిర్వాహకుడిని పోల్చాలనిపించవచ్చు గాని ఆ పోలిక నిలవదు. సాక్షి అన్నిటినీ చూస్తాడు, దేనిలోనూ కలుగజేసుకోడు. రూట్‌కు చూపుతోపాటు చేయీ ఉంది, పైగా ఆ ఖాతాలో కూర్చునేది జీతమూ అలసటా కుతూహలమూ గల మనిషి.

1983లో ఎంఐటీలోనే మొదలైన అథీనా ప్రాజెక్టు, ఒక్క యంత్రం స్థానంలోకి నెట్‌వర్కు వచ్చినప్పుడు, ఈ ముడిని మరో కొస నుంచి విప్పబోయింది. విద్యార్థుల వర్క్‌స్టేషన్ల రూట్ పాస్‌వర్డు అక్కడ రహస్యంగా ఉండేది కాదు. ఎదుటనున్న యంత్రంపై ఎవరైనా సర్వాధికారి కాగలిగేవారు. అయితే ఫైళ్ళుండే సర్వర్లు ఆ యంత్రం మాటను నమ్మేవి కావు. కెర్బెరోస్ అనే మూడో పక్షం, పాస్‌వర్డును నెట్‌వర్కు మీదికి రానీయకుండానే వాడుకరిని గుర్తించి, కొన్ని గంటలు మాత్రమే చెల్లే టికెట్టు ఇస్తుంది, సర్వరు దానినే చూస్తుంది. సామర్థ్యం యంత్రం దగ్గరే ఉండిపోయింది, గుర్తింపు గడువుగల అరువుగా మారింది. ప్రతి ప్రోగ్రామూ ప్రతి వాడుకరీ తన పనికి చాలినంత అనుమతితోనే నడవాలని 1975లో కంప్యూటరు శాస్త్రజ్ఞులు సాల్ట్‌జర్, ష్రోడర్ ప్రతిపాదించిన సూత్రానికి ఇది అనుగుణమే.

కానీ టికెట్లు ఇచ్చే యంత్రంలో అందరి రహస్య తాళాలూ ఉంటాయి, దానిని నిర్వహించేవాడు ఎవరిగానైనా చెలామణీ కాగలడు. అడ్డులేని ఖాతా పోలేదు, చోటు మార్చుకుంది. నిర్వాహకుడు చేసే పనులను నమోదుచేసే లాగ్ ఫైలు అతడి చేతికందే యంత్రంలోనే ఉంటే దానిని చెరపగలవాడూ అతడే గనుక, జాగ్రత్తగల సంస్థలు ఆ నమోదును వెంటవెంటనే వేరొక నిర్వాహకుడి అధీనంలోని యంత్రానికి పంపిస్తాయి. యంత్రం ఇవ్వలేని నిషేధాన్ని ఇలా మరొక మనిషి చేత ఇప్పించడం మీమాంసకులకు వింతగా తోచేది కాదు. ఆ ఇద్దరూ కుమ్మక్కయితే ఈ ఏర్పాటు పనిచేయదని దానిని కల్పించినవారికీ తెలుసు.