లోతు ఎవరి కంటికి?

2022 డిసెంబర్లో అమ్మని సినిమాకి సూళ్ళూరుపేట తీసికెళ్ళాను. మనుబోలు నుంచి హైవే మీద గూడూరు, నాయుడుపేట దాటి వెళ్ళాలి. అక్కడ 2019 ఆగస్టులో 106 అడుగుల వెడల్పు తెరతో ‘వి ఎపిక్’ హాలు తెరిచినప్పట్నుంచీ మా వైపు దాని గురించి చెప్పుకోనివాళ్ళు లేరు. అమ్మకి 75 ఏళ్ళు. “అంత పెద్ద తెరంట గదా, ఒక్కసారి చూడాల” అని తనే అడిగింది. అమ్మ నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం అరుదు కాబట్టి వెంటనే బయల్దేరాం.

‘అవతార్’ రెండో భాగం, త్రీడీలో. మూడు గంటల పన్నెండు నిమిషాలు. అమ్మ కళ్ళజోడు మీద ఆ నల్ల అద్దాలు నేనే సర్ది పెట్టాను. సముద్రం మా వరసల మీదకి వచ్చింది. బల్లేలు, పడవలు, మంటలు దూసుకొస్తుంటే చాలాసార్లు తల పక్కకి తిప్పుకున్నాను. అమ్మ కదల్లేదు.

తిరిగొస్తూ దారిలో టీ తాగుతున్నప్పుడు అడిగాను, అన్నీ మీదకొస్తుంటే భయం వెయ్యలేదా అని.

“ఏం మీదకి రాలేదే. అంతా తెర మీదే ఉండాది గదా. అద్దాలు పెట్టుకుంటే కాస్త చీకటయింది, అంతే.”

టీ గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. అమ్మ ఎడమ కంట్లో పువ్వుందని నాకు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ తెలుసు. తెలిసిన విషయం, ఆలోచించని విషయం.

మన రెండు కళ్ళ మధ్య దూరం ఆరున్నర సెంటీమీటర్లకి అటూ ఇటూ. ఒకే వస్తువుని రెండు కళ్ళూ కొంచెం తేడాగా చూస్తాయి. ఆ తేడాలోంచే మెదడు లోతుని తయారు చేసుకుంటుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే వివరించాడు. త్రీడీ సినిమా చేసే పని కూడా ఇంతే. తెర మీద రెండు బొమ్మలు వేసి, ఏ కంటి బొమ్మ ఆ కంటికే చేరేట్టు అద్దాలతో వడగడుతుంది. రెండో కన్ను లేకపోతే రెండో బొమ్మా లేదు, లోతూ లేదు. నేను టికెట్ కొని తీసికెళ్ళింది అమ్మకి కనిపించడానికి వీల్లేని దాని దగ్గరకి.

అప్పుడు గుర్తొచ్చింది. మన దేశపు తొలి త్రీడీ సినిమా, 1984లో మలయాళంలో తీసిన ‘మై డియర్ కుట్టిచాతన్’, తెలుగులో ‘చిన్నారి చేతన’గా వచ్చినప్పుడు నెల్లూరెళ్ళి చూశాం. హాలంతా గాల్లోకి చేతులు చాస్తూ కేకలు పెడుతుంటే అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమ్మకి సినిమాలంటే పెద్ద ఇష్టం లేదని ఆ రోజు తేల్చేసుకున్నాను. ఎప్పుడూ నాకు ఎడమపక్కే నడవడం, కాఫీ పోసేముందు గ్లాసు అంచు వేలితో తాకడం, మెట్టు దిగేముందు కాలితో తడుముకోవడం... ఇవన్నీ అమ్మ అలవాట్లనుకున్నాను. ఒక కంటితో బతకడానికి తను కనిపెట్టుకున్న విద్యలనుకోలేదు.

ఆ కన్ను ఎట్లా పోయిందో ఇంట్లో ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు, “నూర్పిళ్ళప్పుడు పొట్టు పడింది” అని. మిగతాది ఆ రోజు కార్లో అమ్మ చెప్పింది. అప్పుడు నేను చంటిపిల్లని. వడ్లు తూర్పార పడుతుంటే పొట్టు కంట్లో గుచ్చుకుంది. మా వరి ప్రాంతాల్లో ఇట్లాంటి చిన్న గాయంలోంచే బూజు పట్టి నల్లగుడ్డు మీద పుండవుతుంది. త్వరగా వైద్యం అందకపోతే చూపు పోతుంది. కుప్పలు కళ్ళంలో ఉన్నాయి, ఇప్పుడు పట్నానికి ఎవరు తీసికెళ్తారన్నారు. చనుబాలు పిండుకోమన్నారు. నాకిచ్చే పాలే అమ్మ తన కంట్లో పిండుకుంది. ఆ వారంలోనే ఎద్దు గిట్టకి పుండు పడితే పశువుల డాక్టరు ఇంటికొచ్చాడు. పదిరోజుల తర్వాత నెల్లూరు తీసికెళ్తే, ముందే తేవాల్సింది అన్నాడట కంటి డాక్టరు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆలస్యం చేశారు, అంతే. ఆడవాళ్ళ ఒళ్ళు ఎప్పుడైనా ఆగగలదు, పంట ఆగలేదు.

నేను క్లాసులో సినిమా గురించి పాఠాలు చెప్తాను. లారా మల్వీ 1975 నాటి వ్యాసాన్ని ఏటా పిల్లలతో చదివిస్తాను. తెర మీది స్త్రీని మగచూపు ఎట్లా బొమ్మని చేస్తుందో, ప్రేక్షకురాలు ఎక్కడ నిలబడి చూడాలో గంటలు గంటలు మాట్లాడతాను. ఆ మాటల్లోని ప్రేక్షకురాలికి రెండు కళ్ళూ ఉన్నాయి. హాల్లో నా పక్కన కూర్చున్న మనిషిని ‘నీకేం కనపడుతోందమ్మా’ అని యాభై మూడేళ్ళొచ్చేదాకా అడగలేదు.

ఆ రోజు అడిగాను. ఏం చూశావు మరి?

“ఆ తల్లిచేప ఉండాదే, పక్కన బిడ్డ లేకుంటే ఎప్పుడో తప్పించుకుపొయ్యేది. అది బిడ్డని వదలదని తెలిసే దాన్ని ఎంచుకున్నారు, చూసినావా?”

నేను చూడలేదు. అంటే, కంటికి కనపడింది. కానీ ఆ వేటలో నా ఒళ్ళంతా నా మీదకొచ్చే వాటి గురించే ఉంది. తల తిప్పుకున్నది నన్ను కాపాడుకోడానికి. పెద్ద తెర మనల్ని కథ లోపలికి తీసికెళ్తుందంటారు. లోపలికి వెళ్ళడమంటే ఇంకొకరి బాధకి దగ్గరవడమేనా? బల్లెం నా మీదకే వస్తున్నట్టుంటే, అది నిజంగా ఎవరికి గుచ్చుకుంటోందో చూసే తీరిక నాకుందా?

ఇక్కడే ఆగిపోతే వ్యాసం బాగా కుదురుతుంది. ఒంటి కన్ను అమ్మ, రెండు కళ్ళ నాకంటే లోతుగా చూసిందని రాసేయొచ్చు. కానీ అట్లా రాయడానికి చెయ్యి రావడం లేదు. సూసన్ బారీ అనే అమెరికన్ న్యూరోబయాలజిస్టు పసితనం నుంచీ మెల్లకన్నుతో పెరిగింది. లోతు చూపంటే ఏమిటో పుస్తకాల్లో చదివి, పిల్లలకి పాఠం కూడా చెప్పింది. 48వ ఏట కంటి వ్యాయామాలతో ఆ చూపు మొదటిసారి వచ్చింది. రాలే మంచు మధ్యలో తను నిలబడి ఉన్నట్టు తెలిసి ఆనందంతో ఉక్కిరిబిక్కిరైంది. 2009లో దాని మీద పుస్తకమే రాసింది. అది చిన్న విషయం కాదు. అమ్మ దగ్గర్నుంచి పోయింది కూడా అదే. తల్లిచేపని గుర్తుపట్టింది అమ్మ కన్ను పోయినందువల్ల కాదు, బిడ్డల్ని పెంచినందువల్ల, పరుగెత్తలేని చోట నిలబడి బతికినందువల్ల. ఇన్నేళ్ళూ మా ఇల్లు అమ్మ ఓర్పుని మెచ్చుకుంటూ ఆ పదిరోజుల్ని మర్చిపోయింది. ఇప్పుడు నేను అమ్మ చూపుని మెచ్చుకుని మళ్ళీ అదే పని చెయ్యకూడదు.

ఇంకొకరి చూపు మన చూపుకి తక్కువా కాదు, దాని మీద వరమూ కాదు. అదేమిటో వాళ్ళనే అడగాలి. ఇంత సులువైన పనికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో నాకు నేను సమాధానం చెప్పుకోలేకుండా ఉన్నాను. ఆలస్యం చేసినవాళ్ళ వరసలో చివర నేనూ ఉన్నాను.

మనుబోలులో కారు దిగేటప్పుడు అడిగాను, మళ్ళీ వెళ్దామా అని. “పోదాం మే. తెర బాగుండాది. ఈసారి అద్దాల్లేని ఆటకి పోదాం” అంది. దిగేముందు కాలితో నేల తడుముకుంది. ఈసారి చెయ్యందించలేదు, అందించమంటావా అని అడిగాను.

“అవసరం లేదులే” అంది అమ్మ.