శేషం ఎవరి పాలు?

లెక్కల్లో ధర్మసందేహాలేమిటని మీరు నవ్వుతారేమో! రెండూ రెండూ నాలుగు, వాదానికి చోటెక్కడ? కానీ ఆ సంగతి పిల్లలకెలా చెప్పాలా అని కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే సందేహాలు వాటంతటవే వస్తాయి.

మా వరికుంటపాడు పేరులో వరీ ఉంది, కుంటా ఉంది. ఊరు మాత్రం నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవైమంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులేమో ఐదు! మూడుకి భాగహారం, నాలుగుకి భిన్నాలు, ఐదుకి దశాంశాలు, అన్నీ నా ఒక్కదాని నలభై నిమిషాల్లోనే. ఎలా పంచను?

సమంగా పంచడమే న్యాయమంటారు. వడ్డించే తల్లినడగండి. ఆవిడ గరిట ఆకలిని చూస్తుంది గానీ విస్తళ్ళను లెక్కపెట్టదు. అయితే చురుకైన పిల్లకు మాత్రం ఆకలి లేదా? ఉంది. కానీ లెక్కలు మెట్లలాంటివి. తెలుగు వాచకంలో ఒక పాఠం పోతే ఒక కథే పోతుంది. తీసివేత పోతే భాగహారం పోతుంది, దాని వెనకే భిన్నాలూ పోతాయి. అందుకే నిన్నటి మెట్టు ఎక్కలేనివాళ్ళకే నా మొదటి పది నిమిషాలు.

మిగతా కాలానికి అందరికీ ఒకటే లెక్క ఇస్తాను: పన్నెండు నిమ్మకాయలు ఎంతమందికి సమంగా పంచవచ్చు? చిన్నవాళ్ళు చింతగింజలు పేర్చి ముగ్గురికో నలుగురికో పంచుతారు. నాలుగో తరగతివాళ్ళు ఆ ఒక్కొక్క వాటా మొత్తంలో ఎన్నో వంతో చెబుతారు. పెద్దవాళ్ళు ఐదుగురికి పంచి, మిగిలిన రెండు కాయల్నీ కోసి, తలా రెండు పాయింటు నాలుగు అంటారు. ఎవరి ఆకలికి తగ్గ ముద్ద వారికి!

9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అందనిదాన్ని అందేచోటికి దించడం మనకు కొత్తేమీ కాదన్నమాట.

మనలో ఎంతమందిమి పాలఖాతా, చీటీ వాయిదాలు నోటితోనే తేల్చేస్తూ, "నాకు లెక్కలు రావమ్మా" అంటాం! రాకపోవడం కాదు. ఎప్పుడో ఒక తరగతిలో భాగహారం చేసి, మనల్ని శేషంగా వదిలేశారు. కాగితం మీద శేషం మిగిలితే తప్పులేదు. తరగతిలో మిగిలితే మాత్రం లెక్క తప్పినట్టే. మీరేమంటారు?